నూట పదిహేడో నంబరు

మా అత్తయ్యకి అంకెలు వచ్చు, అక్షరాలు రావు. అయినా ముప్పై ఏళ్ళు అద్దె నవలల షాపు నడిపింది. ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. పెళ్ళయి ఆ ఇంటికి వెళ్ళేదాకా నేనూ నమ్మలేదు. పుస్తకం నంబరూ కార్డు నంబరూ గుర్తుపడితే చాలు, కౌంటర్లో కూర్చోవచ్చని మామయ్య ఆవిడకి అంకెలు నేర్పాడట. అక్షరాలు తీరిక చూసుకుని నేర్పుతానన్నాడట. ఆ తీరిక చిక్కకుండానే ఆయన పోయాడు. అప్పటికి మా ఆయనకి పదకొండేళ్ళు.

షాపంటే పెద్దదేం కాదు, ఇంటి ముందుగది. మూడు గోడలకీ నేల నుంచి కప్పుదాకా చెక్క అరలు, నాలుగో వైపు వీధిలోకి తెరుచుకునే మడత తలుపులు. అన్నీ ప్రేమ నవలలే. అట్ట మీద పేర్లు చదవలేదు కాబట్టి అత్తయ్య తన పద్ధతిలో సర్దుకుంది. ఎడమ గోడంతా రాజుల అర. అందులో గుర్రాలూ కోటలూ యువరాణులూ. ఎదుటి గోడకి పైన డాక్టర్ల అర, కింద పెద్దిళ్ళ అర. పెద్దిళ్ళంటే, కారున్న అబ్బాయి కారులేని అమ్మాయిని ప్రేమించేవి. కుడివైపు దయ్యాల అర, ఉత్తుత్తి పెళ్ళిళ్ళ అర. ఏదో అవసరానికి పెళ్ళయినట్టు నటించి, చివరికి నిజంగానే ఒకరి మీద ఒకరు మనసుపడేవన్నీ అక్కడ. తలుపు పక్కన మూలగా ఏడుపుల అర. ఆఖర్న ఎవరో ఒకరు పోయే నవలలవి. దాని దగ్గర ఒక స్టూలు కూడా వేసింది. "అవి తీసుకునేవాళ్ళు నిలబడి తేల్చుకోలేరు," అనేది.

ఏ పుస్తకం ఏ అరలోదో ఆవిడకి ఎలా తెలిసేదంటే, చదివినవాళ్ళ అభిప్రాయాల వల్ల. మా షాపులో ప్రతి నవలకీ వెనక అట్ట లోపల ఒక తెల్లకాగితం అతికించి ఉంటుంది. తిరిగి ఇచ్చేటప్పుడు దాని మీద రెండు ముక్కలు రాసి తీరాలి. పెన్సిలు కౌంటరుకి దారంతో కట్టి ఉంటుంది. పేరు రాయకూడదు, కార్డు నంబరు వేయాలి. ముగింపు చెప్పకూడదు. ఇవి మామయ్య పెట్టిన రూల్సు. సాయంత్రం తలుపులు ఓరగా వేసి, ఆ రోజు వచ్చిన పుస్తకాల మీద అభిప్రాయాలన్నీ మా ఆయన గట్టిగా చదివేవాడు. అత్తయ్య కళ్ళు మూసుకుని వినేది. ఒక్కసారి వింటే చాలు, పదేళ్ళయినా మరిచిపోయేది కాదు. మర్నాడు ఎవరైనా వచ్చి "పిన్నిగారూ, ఇది బాగుంటుందా?" అంటే, ఏ నంబరు ఏమందో వరసగా అప్పజెప్పేది. తన అభిప్రాయం మాత్రం చెప్పేది కాదు. "నేను చదివానా పెట్టానా," అనేది.

ఆ ఏడాది ఎండలు చివరికొస్తుండగా మా ఆయనకి జ్వరం వచ్చింది. తొమ్మిది రోజులు ఉంది. పదో రోజుకి ఆయన లేడు. దాని గురించి ఇంతకంటే రాయలేను.

వానలు మొదలయ్యాక షాపు మళ్ళీ తెరిచాం. నేను చెబుతున్నది ఆ వానాకాలం సంగతి.

తెరిచిన మొదటి రోజు చందాదారులు గొంతు తగ్గించుకుని వచ్చారు, తడిసిన గొడుగులు గుమ్మంలో ఆనించి, పుస్తకాలు చప్పుడు కాకుండా కౌంటరు మీద పెట్టి వెళ్ళారు. సాయంత్రానికి పద్నాలుగు పుస్తకాలు పోగయ్యాయి. అత్తయ్య తలుపులు ఓరగా వేసి, ఎప్పటి కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుంది. చదవమని నన్ను అడగలేదు. ఆయన కూర్చునే బల్ల ఖాళీగా ఉంది. నేను చాలాసేపు నిలబడి, చివరికి వెళ్ళి ఆ బల్ల మీద కూర్చున్నాను.

"చదవనా అత్తయ్యా?"

"వాడు ముందు నంబరు చెప్పేవాడు."

"యాభై ఎనిమిది," అన్నాను.

యాభై ఎనిమిది అంటే వీధి చివర ఉండే నర్సమ్మ. డాక్టర్ల అర తప్ప ఇంకోటి ముట్టదు, ముట్టినప్పుడల్లా తిట్టకుండా ఉండదు. ఆ రోజు ఇలా రాసింది: "ఆపరేషన్ గదిలో కథానాయిక జుట్టు విరబోసుకుని నిలబడింది. ముందు ఆవిణ్ణి బయటికి పంపాలి. డాక్టరుగారు కిటికీ దగ్గర నిలబడి నిట్టూర్చారు. పదహారేళ్ళ సర్వీసులో కిటికీ దగ్గర తీరిగ్గా నిలబడ్డ డాక్టర్ని నేను చూడలేదు. అయినా రెండో భాగం ఉంటే నాకు ఉంచండి."

తొమ్మిది రిటైరైన హెడ్మాస్టరు. రాజుల అర ఆయన సొంత ఆస్తి. "యువరాజు ఇరవై మూడో పేజీలో గుర్రం దిగాడు. ముప్పయ్యో పేజీలో మళ్ళీ దిగాడు. మధ్యలో ఎక్కినట్టు దాఖలా లేదు." ఎనభై నాలుగు బస్సు కండక్టరు, దయ్యాలు తప్ప మరొకటి చదవడు. "మనుషుల కంటే ఈ దయ్యమే నయం, చెప్పిన టైముకి వచ్చింది." ఎదురు షాపు టైలరమ్మ ఇరవై రెండు. పెద్దిళ్ళ నవల మీద నిప్పులు కక్కింది. "అంత పెద్ద ఇంట్లో ఆ పిల్లని నాలుగు రోజులు ఒకే జతలో ఉంచాడు. ఇంకో జత కుట్టించాలని తోచనివాడిది ఏం ప్రేమ?"

అత్తయ్య పెదవి చివర కాస్త కదిలింది. జ్వరం మొదలైన రోజు నుంచి ఆ మొహంలో అంత కదలిక చూడటం అదే. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఆ టైలరమ్మ తెచ్చిన పుస్తకమే," అంది అత్తయ్య కళ్ళు తెరవకుండా. "దాని మీద పాతది ఇంకోటి ఉంటుంది. నూట పదిహేడు రాసింది. చదువు."

కాగితం పైనుంచి కిందిదాకా చూశాను. ముప్పై ఒకటి ఉంది, నూట నలభై ఉంది, నర్సమ్మ కూడా ఒకసారి దారితప్పి వచ్చి తిట్టిపోయింది. నూట పదిహేడు లేదు.

"లేదత్తయ్యా."

"లేకపోతే పోనీ. నాకు గుర్తుంది." అని ఆవిడ నెమ్మదిగా, చదివినట్టే చెప్పింది. "ఏమాటకామాట చెప్పాలి, ఈ కథలో ఆ అమ్మాయి చేతులకి జిగురు అంటుకుని ఉంటుందని తల్లి మొహం చిట్లించుకోవడం బాగాలేదు. జిగురు కడిగితే పోతుంది. చిట్లించుకున్న మొహం అలాగే ఉండిపోతుంది."

పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాను.

ఆ నవల నేను చదివాను. అందులో జిగురు లేదు. ఆ అమ్మాయి పాటలు నేర్పే టీచరు. జిగురు నా చేతులకి ఉండేది. పెళ్ళికి ముందు నేను బైండింగు షాపులో పనిచేసేదాన్ని. అట్టలూడిన నవలలు సంచీలో వేసుకుని మా ఆయన అక్కడికే తెచ్చేవాడు. అట్టలూడనివి కూడా తెస్తున్నాడని మూడో నెలలో నాకు అర్థమైంది. సంగతి ఇంట్లో చెబితే అత్తయ్య ఏడాదిపాటు ససేమిరా అంది. జిగురు కంపు కొట్టే పిల్ల నా ఇంటికి వద్దంది. ఆ తర్వాత ఒకరోజు, ఎవరూ ఏమీ అనకుండానే, సరే అంది. ఎందుకు మనసు మార్చుకుందో నాకెప్పుడూ తెలియలేదు. ఆయన్ని అడిగితే, "చదువుకున్నవాళ్ళ అభిప్రాయాలు విని మారింది," అని నవ్వేవాడు. వేళాకోళం అనుకున్నాను.

"ఏమాటకామాట చెప్పాలి" అన్నది ఆయన ఊతపదం. టీలో చక్కెర తక్కువైందని చెప్పాలన్నా ముందు ఆ మాటే వచ్చేది.

మర్నాడు అత్తయ్య వంటింట్లో ఉండగా కార్డుల రిజిస్టరు తెరిచాను. నూట పదహారు గడియారాలు బాగుచేసే ఆయన. నూట పద్దెనిమిది హాస్టల్లో వంట చేసే ఆవిడ. మధ్యలో ఒక గీత ఖాళీగా ఉంది. మామయ్య నంబర్లు వేస్తూ పొరపాటున ఒకటి దాటేశాడు. ఆ షాపులో నూట పదిహేడో నంబరు మనిషి ఎప్పుడూ లేరు.

అంటే ఆ ఏడాదంతా ఆయన కాగితం మీద లేనివి చదివాడు. తల్లికి ఎదురు మాట్లాడే ధైర్యం లేక, నోట్లో మాట నోట్లోనే నమిలేసి, అందరి అభిప్రాయాల మధ్యా తన అభిప్రాయాన్ని దూర్చి వినిపించాడు. ఆవిడ అవన్నీ ఎవరో చదువుకున్నావిడ రాసిందనుకుని మనసులో పెట్టుకుంది. రిజిస్టరు మూసి అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను. ఆయన పోయాక అంతగా ఏడవడం అదే మొదటిసారి, మధ్యమధ్య నవ్వు రావడమూ అదే మొదటిసారి.

ఆయన ఫోటో ఒకటి ఉంది, రెండు చొక్కాలున్నాయి. మాటలు మాత్రం లేవనుకున్నాను. ఉన్నాయి. అక్షరం రాని ఆవిడ తలలో భద్రంగా ఉన్నాయి.

అప్పటి నుంచి నాకు అదే ధ్యాస. రోజూ చదవడం అయిపోయాక పాత పుస్తకం ఒకటి తీసి, "దీని మీద నూట పదిహేడు ఏమంది అత్తయ్యా?" అనేదాన్ని. ఆవిడ అట్ట మీద బొమ్మని వేలితో తడిమి, కాసేపు ఆలోచించి చెప్పేది. ఒకటే చెప్పేది. రెండోది అడిగితే, "రేపు," అనేది. బైండింగులో మిగిలిన కాగితాల ముక్కలు కుట్టి నేనొక చిన్న పుస్తకం చేసుకున్నాను. ఆవిడ చెబుతుంటే ఎదురుగా కూర్చునే రాసుకునేదాన్ని. ఏం రాస్తున్నావని ఆవిడ ఒక్కసారి కూడా అడగలేదు.

ఉత్తుత్తి పెళ్ళి నవల మీద: "ఏమాటకామాట చెప్పాలి, నటిస్తూ నటిస్తూ ప్రేమ పుట్టిందంటే నమ్మను. ప్రేమ ఉంటే నటించడమే కష్టం. నేను రోజూ అమ్మ ముందు నటిస్తున్నాను కాబట్టి తెలుసు." రాజుల నవల మీద: "కోడల్ని ఎంచుకోవడానికి రాణి ఏడు పరీక్షలు పెట్టింది. ఒక్కసారి పిలిచి కూర్చోబెట్టి మాట్లాడితే సరిపోయేది." ఆ పుస్తకానికి అట్ట కుట్టింది నేనే కాబట్టి, ఆయన నోట ఇది విన్న వారానికే అత్తయ్య నన్ను మొదటిసారి ఇంటికి పిలిపించిందని లెక్కేసుకున్నాను. ఆ రోజు ఆవిడ నా చేతులు పట్టుకుని తిప్పి చూసి, సబ్బు ఎక్కడుందో చూపించింది.

దయ్యాల నవల మీద చెప్పింది మాత్రం నేను వెంటనే రాయలేకపోయాను. "ఏమాటకామాట చెప్పాలి, పోయినవాడు తిరిగిరావడం నాకు నచ్చలేదు. వాడి కోసం కూర్చుంటే ఉన్నవాళ్ళ అన్నం చల్లారిపోతుంది." అత్తయ్య అది చెప్పి లేచి వెళ్ళిపోయింది.

వానలు పట్టుకుని కురుస్తున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం నర్సమ్మా, టైలరమ్మా, హెడ్మాస్టరుగారూ ముగ్గురూ షాపులో చిక్కుకుపోయారు. చూరు నుంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి. అడుగు బయట పెట్టే వీల్లేదు. నర్సమ్మ కాలక్షేపానికి ఏడుపుల అరలోంచి ఒకటి తీసింది. టైలరమ్మకి నోరు ఊరుకోదు.

"ఏడుపు అద్దెకి తెచ్చుకోవడం ఏంటమ్మా, ఇంట్లో ఉన్నది చాలకనా?"

"ఇంట్లో ఏడిస్తే నలుగురూ అడుగుతారు. పుస్తకం పట్టుకుని ఏడిస్తే ఎవరూ అడగరు," అంది నర్సమ్మ. "మా వార్డులో పేషెంట్ల పక్కన కూర్చునేవాళ్ళంతా ఇవే చదువుతారు."

"రాజుల కథల్లో కూడా మరణాలున్నాయి. కానీ హుందాగా ఉంటాయి," అన్నారు హెడ్మాస్టరుగారు.

"మీ రాజులకేం, పోయినా పక్కనే ఇంకో రాజు ఉంటాడు," అంది టైలరమ్మ. "నా మట్టుకు నాకు ఇద్దరూ ఒకచోట చేరాలి, తలుపేసుకోవాలి, పుస్తకం అయిపోవాలి. ఒకళ్ళు పోయి ఒకళ్ళు మిగిలాక ఆ మిగిలినావిడ ఏం చేయాలో ఏ రచయితైనా రాశాడా? అక్కడితో ఆపేసి చేతులు దులుపుకుంటారు."

అనేశాక నేను అక్కడే ఉన్నానని ఆవిడకి గుర్తొచ్చింది. మొహం పాలిపోయింది. ముగ్గురూ వానకేసి చూశారు. నాకు కోపం రాలేదు. పైగా అదే సంగతి నేనూ అడుగుదామనుకున్నాను, ఎవర్ని అడగాలో తెలియక ఊరుకున్నాను.

"ఎవరి అభిప్రాయం వాళ్ళది," అంది అత్తయ్య కౌంటరు తుడుస్తూ. షాపులో మాటా మాటా పెరిగినప్పుడల్లా ఆవిడ అనే మాటే అది.

ఆ వారంలోనే మా అన్నయ్య దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. పోస్టాయన దాన్ని అత్తయ్య చేతికిచ్చాడు. ఆవిడ నా దగ్గరికి తెచ్చింది.

"ఎవరు రాశారో నాకేం తెలుస్తుంది, స్టాంపు మీద అంకె తప్ప. చదువు."

దాచాలనిపించలేదు. పైకే చదివాను. అన్నయ్య పనిచేసే ఊళ్ళో పెద్ద బైండింగు షాపులో మనిషి కావాలట. నా చేతిపని సంగతి వాళ్ళకి చెప్పాడట. ఉండటానికి తన ఇంట్లోనే గది ఉందట. వానలు తెరిపిచ్చాక వచ్చి తీసుకెళ్తాను, ఈలోగా మనసు స్థిరం చేసుకో అని రాశాడు.

"అక్షరాలు కుదురుగా ఉన్నాయా?" అంది అత్తయ్య.

"ఉన్నాయి."

"ఊఁ," అని లోపలికి వెళ్ళిపోయింది.

అంతే. ఆ తర్వాత ఆ ఊసే లేదు. ఉండమంటే ఉండిపోదును. పొమ్మంటే, కష్టమైనా పోదును. ఆవిడ రెండూ అనలేదు. నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. పిల్లల్లేరు. ఆ ఇంట్లో నన్ను పట్టి ఉంచేవి రెండే. ఒకటి, నేను వెళ్ళిపోతే సాయంత్రం ఆ కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చునే మనిషికి చదివేవాళ్ళు ఉండరు. రెండోది నా స్వార్థం. నూట పదిహేడు ఇంకా అయిపోలేదు. వెళ్ళిపోతే, ఆయన అన్న మాటలు నేను వినకుండానే ఆవిడతో ఉండిపోతాయి.

"ఇంకా ఎన్ని ఉన్నాయి అత్తయ్యా?" అని ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"ఏవి?"

"నూట పదిహేడు చెప్పినవి."

ఆవిడ నాకేసి చూడకుండా, "చాలానే ఉన్నాయి," అంది.

ఇంకోరోజు, వాన వెలిసి ఎండ పొడ కాస్త కనిపించిన సాయంత్రం, ధైర్యం చేసి ఎదురుగా నిలబడ్డాను. "అన్నయ్య వచ్చే రోజు దగ్గరకొచ్చింది. మీరు ఏదో ఒకటి చెప్పండి. మీ అభిప్రాయం చెప్పండి."

"నేను చదువుకున్నదాన్నా, అభిప్రాయం చెప్పడానికి?"

"చదువెందుకు దీనికి?"

"గొడుగు లోపల పెట్టు. గుమ్మంలో ఎవరైనా తన్నుకుని పడతారు," అంది.

నాకు ఒళ్ళు మండింది. ఆ రోజు నేను అభిప్రాయాలు చదవలేదు. తలనొప్పి అని వెళ్ళి పడుకున్నాను. ముందుగదిలో కుర్చీ చాలాసేపు కిర్రుమంటూనే ఉంది.

అన్నయ్య ఒక శనివారం పొద్దున దిగాడు. మంచి మనిషి, మాటలు తక్కువ. అత్తయ్య ఆయనకి టీ ఇచ్చి, ప్రయాణం ఎలా జరిగిందని అడిగి, మర్యాదకేం లోటు చేయలేదు. సాయంత్రం ఆయన స్టేషనుకి వెళ్ళి బళ్ళ టైములు కనుక్కొస్తానన్నాడు. ఒక టిక్కెట్టు తీసుకోవాలా, రెండా అని నన్ను అడిగాడు. వచ్చాక చెబుతానన్నాను.

అత్తయ్య తలుపులు ఓరగా వేసింది. ఆ రోజు మూడే పుస్తకాలు వచ్చాయి. చదివాను. ఏవో రాజులు, ఎవరో డాక్టరు. నా గొంతు నాకే వినపడటం లేదు. అయిపోయాక అలవాటుగా, ఆఖరిసారేమోనన్న దిగులుతో, "ఇవాళ ఏది తియ్యను?" అన్నాను.

ఆవిడే లేచింది. ఏ అరలోనూ లేని పుస్తకం ఒకటి కౌంటరు కింద నుంచి తీసింది. ఆకుపచ్చ అట్ట మీద ఒక ఇల్లు, ఇంటి ముందు ఒకావిడ. దాన్ని నా ఒళ్ళో పెట్టి, వెళ్ళి కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుంది.

"దీని మీద నూట పదిహేడు చెప్పింది నాకు బాగా గుర్తుంది," అంది. "ఏమాటకామాట చెప్పాలి, ఈ కథలో అత్తగారు నాకు నచ్చలేదు. కోడలు తనకోసం ఆగిపోతుంటే తెలిసి తెలిసి నోరు మెదపలేదు. ఆ పిల్ల వెళ్ళిపోతే తనకి చదివేవాళ్ళుండరని భయం. ఆ పిల్లకి ముప్పై కూడా లేవు. చేతిలో పని ఉంది. పొమ్మని చెప్పాల్సింది. ఒక్కమాట చెప్పడానికి ఒక వానాకాలం పట్టిందంటే, ఆవిడ ఎంత స్వార్థపరురాలో."

అట్టకేసి చూశాను. ఆ పుస్తకం ఆయన పోయిన నెలకి పార్సిల్లో వచ్చింది. అట్ట కుట్టింది నేను. వెనక తెల్లకాగితం అతికించింది నేను. వానల గొడవలో ఎవరికీ ఇవ్వడం పడలేదు. అందులో కథేంటో ఆ ఇంట్లో, ఆ వీధిలో ఎవరికీ తెలియదు. వెనక అట్ట తెరిచాను. కాగితం మీద చుక్క కూడా లేదు.

"అత్తయ్యా, ఇది ఆయన పోయాక వచ్చింది."

"తెలుసు."

"కాగితం ఖాళీగా ఉంది."

"అంకెలు వచ్చు కదమ్మా నాకు. నంబరు ఉందో లేదో చూడలేనా?"

ఆ మాట నెమ్మదిగా నాలో దిగింది. ఆవిడకి అంకెలు వచ్చు. ఆ సంగతి ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచీ నాకు తెలుసు. ఆయనకీ తెలుసు. తల్లికి అక్షరాలు రావన్నది ఒక్కటే పట్టుకున్నాడాయన. నేనూ అంతే. ఆ పుస్తకాలు అరల్లో సర్దే మనిషికి కాగితం మీద నూట పదిహేడు లేదని కనబడుతుందనీ, షాపులో ఆ నంబరు కార్డే లేదని ఆవిడకి తెలుసుననీ మా ఇద్దరికీ తట్టనే లేదు.

"మొదటి నుంచీ తెలుసా?"

"మొదటి రోజు నుంచీ."

"మీకు తెలుసని ఆయనకి చెప్పలేదేం?"

"చెబితే మానేసేవాడు," అంది అత్తయ్య. "వాడు నాతో మనసు విప్పి మాట్లాడింది అలాగే."

ఆవిడ కళ్ళు తెరవలేదు గానీ, మూసిన రెప్పల కింద నుంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు. నేను బల్ల దిగి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని, మోకాళ్ళ మీద తల పెట్టాను. ఆ ఇంట్లో మేమిద్దరం కలిసి ఏడ్చింది ఆ ఒక్కసారే. వీధిలోంచి టైలరమ్మ మిషను చప్పుడు వినిపిస్తూనే ఉంది.

చాలాసేపటికి నేను ఆకుపచ్చ పుస్తకం వెనక అట్ట మళ్ళీ తెరిచాను. "దీని మీద ఇంకొకరు కూడా రాశారత్తయ్యా."

"ఎంత నంబరు?"

"నంబరు వేయలేదు. ఆ అత్తగారి మీద నూట పదిహేడు చెప్పింది తప్పని రాశారు. అంత మంచి అత్తగారిని ఏ అరలోనూ చూడలేదని రాశారు."

అత్తయ్య కొంగుతో మొహం తుడుచుకుంది. "ఎవరి అభిప్రాయం వాళ్ళది," అంది.

అన్నయ్య వచ్చాక, నాకూ టిక్కెట్టు తీయమని చెప్పాను.

వెళ్ళే రోజు పొద్దున సామాను సర్దుకుంటుంటే అత్తయ్య ఒక కొత్త కార్డు తెచ్చింది. దాని మీద నూట పదిహేడు అని పెద్ద పెద్ద అంకెలు. ఆవిడే రాసింది. ఆవిడకి రాయడం అంతవరకే వచ్చు. కార్డుతోపాటు ఆకుపచ్చ పుస్తకం నా చేతిలో పెట్టింది.

"చందాదారు ఎక్కడున్నా పుస్తకం తెచ్చి ఇవ్వాల్సిందే," అంది. "అభిప్రాయం రాసి మరీ ఇవ్వాలి. రూలు రూలే."

"సాయంత్రాలు ఎవరు చదువుతారు మీకు?"

"టైలరమ్మ చదువుతానంది."

"ఆవిడ మధ్యలో సొంతవి కలిపేస్తుంది."

"కలపనీ. కలపనివాళ్ళెవరు?"

బండి కదిలాక నా కుట్టు పుస్తకం తీసి మొదటి నుంచీ చదువుకున్నాను. నలభై మూడు ఉన్నాయి. అప్పుడు తోచింది నాకు. పోయినవాడి కోసం కూర్చుంటే ఉన్నవాళ్ళ అన్నం చల్లారిపోతుందన్నది ఆయన చెప్పిందా, ఆవిడ చెప్పిందా? ఇందులో ఎన్ని కొడుకువి, ఎన్ని తల్లివి? వెనక్కి వెళ్ళి అడగొచ్చు. ఎప్పటికీ అడగలేదు. అడిగితే ఆవిడ నిజం చెప్పేస్తుందేమోనని భయం.

నాలుగు నెలలకి పుస్తకం పట్టుకుని మొదటిసారి వెళ్ళాను. అత్తయ్య కౌంటర్లోంచి లేవకుండానే వెనక అట్ట తెరిచి చూసింది.

"అభిప్రాయం ఏదీ?"

"ఇంకా రాయలేదు."

"అయితే తీసుకోను. రాసి పట్టుకురా."

రెండోసారీ అదే అడిగింది, మూడోసారీ అదే. ప్రతిసారీ నేను రెండు రోజులుండి, సాయంత్రాలు చదివి, ఆకుపచ్చ పుస్తకం సంచీలో పెట్టుకుని వచ్చేసేదాన్ని. అది రాసి ఇచ్చేస్తే వెళ్ళడానికి వంక ఉండదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. ఐదేళ్ళు అలా రాయకుండానే గడిపాను.

ఆఖరిసారి వెళ్ళేసరికి మడత తలుపులు మూసి ఉన్నాయి. నిద్రలోనే పోయిందట. నాకు కబురందేసరికి రెండు రోజులు ఆలస్యమైంది. తాళం టైలరమ్మ దగ్గరుంది. తీసింది. గదంతా పాత కాగితం వాసన. ఏడుపుల అర దగ్గర స్టూలు అక్కడే ఉంది. పెన్సిలు దారానికి వేలాడుతూనే ఉంది.

బల్ల మీద కూర్చుని ఆకుపచ్చ పుస్తకం వెనక అట్ట తెరిచాను. నూట పదిహేడు అని అంకె వేశాను. "ఏమాటకామాట చెప్పాలి," అని రాశాను. ఆ తర్వాత ఒక్క అక్షరం ముందుకు పడలేదు. టైలరమ్మ నెమ్మదిగా పుస్తకం కోసం చెయ్యి చాపింది.

"ఇలా ఇవ్వమ్మా, సర్దేస్తాను. ఏ అరలోది ఇది?"

అది చెప్పగలిగినావిడ లేదు. పుస్తకం మళ్ళీ సంచీలో పెట్టుకుని తెచ్చేసుకున్నాను.